అటకమీది పటాలు

సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు వండుతూండగా నూనె గిన్నె ఒరిగింది. వంటింటి తాండూరు బండమీద అరచేతి వెడల్పున మచ్చ పడింది. మా ఆవిడ దానిమీద శనగపిండి చల్లింది, సబ్బు రుద్దింది, సోడా పోసింది. చివరకు ఓపిక నశించి నిమ్మచెక్క పట్టుకుని కూర్చుంది. మచ్చ పోలేదు సరికదా, నిమ్మరసం పడినంత మేరా బండ మెరుపు పోయి, పాలిపోయి, గరుకుగా తయారైంది.

"ఏమండీ, ఈ బండ నూనె తాగుతుందా ఏమిటి? నీళ్ళు పోస్తే మచ్చమీద నిలవనే నిలవవు. పక్కకు జారిపోతున్నాయి" అన్నది.

తాగుతుంది. తాగినదాన్ని ఒక పట్టాన వదలదు కూడాను. తాండూరు బండలు పరిచిన ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలిసిన ఈ సంగతే, లోకంలో కోట్లకొద్దీ బొమ్మలను అచ్చువేసిన ఒక గొప్ప విద్యకు మూలసూత్రం. ఆ మాట మా ఆవిడతో అంటే, "విద్య సంగతి తర్వాత, ముందు ఆ మచ్చ సంగతి చూడండి" అన్నది. మచ్చ సంగతి నాకు చేతకాలేదు గనుక విద్య సంగతి చెబుతాను.

1796 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత వుండేవాడు. నాటకాలు రాయడమేగాని అచ్చువేయించుకునే తాహతు లేదు. మన రచయితలకు ఇది కొత్త విషయమేమీ కాదు. తానే అచ్చువేసుకుందామని రాగిరేకులమీద, ఆ తర్వాత ఆ ప్రాంతంలో చవకగా దొరికే సున్నపురాతి పలకలమీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒకనాడు బట్టలు తీసుకుపోయే మనిషి గుమ్మంలో నిలబడి వుండగా, ఉతకవలసిన బట్టల పద్దు రాయమని తల్లి కేక వేసిందట. చేతికి కాగితం దొరకలేదు. మైనం, సబ్బు, మసి కలిపి తాను చేసుకున్న సిరాతో ఎదుట వున్న రాతిమీదే పద్దు రాసేశాడు. ఈ కథ ఆయన చెప్పుకున్నదే. అక్కడినుంచి రెండేళ్ళు కుస్తీపట్టి, 1798 నాటికి అసలు కిటుకు పట్టుకున్నాడు.

కిటుకు ఇది. సున్నపురాతిమీద జిడ్డు సిరాతో గీత గీస్తే ఆ జిడ్డు సున్నంతో కలిసిపోతుంది, మా వంటింటి మచ్చలాగే. తర్వాత తుమ్మబంకలో కొద్దిగా నత్రికామ్లం కలిపి రాయంతా పూస్తారు. గీతలేని చోటల్లా బంక పట్టుకుని, నీటిని నిలుపుకుంటుంది. అప్పుడు రాయిని తడిపి, జిడ్డు రంగు పూసిన రోలరు దొర్లిస్తే తడివున్న చోట రంగు అంటదు, గీతవున్న చోట అంటుతుంది. కాగితం పరిచి ఒత్తితే బొమ్మ కాగితంమీదికి వస్తుంది. చెక్కడం లేదు, తొలవడం లేదు. నూనెకూ నీటికీ వున్న వైరమే అచ్చు యంత్రం.

దీనికి 'లితోగ్రఫీ' అని గ్రీకు మాటలతో పేరు పెట్టారు. లిథోస్ అంటే రాయి, గ్రాఫీన్ అంటే రాయడం. తెలుగు మాష్టరుకు ఇంతకంటె మంచి మాట ఎక్కడ దొరుకుతుంది? మన భాషలో ఆ రెండూ ఒకటే. రాయి అంటే శిల, రాయి అంటే రాయమనడం! శిలాముద్రణ అనే పెద్దమాట మనకు వుంది గాని, పాతకాలపు ప్రెస్సువాళ్ళు 'రాతి అచ్చు' అనేవారు. నాకు అదే ఇష్టం.

ఈ పనికి పేరుపొందిన రాయి బవేరియాలోని సోల్న్‌హోఫెన్ అనే ఊరిది. ఎంత పేరంటే, 1861లో ఆ గనుల్లో ఈకలున్న ఒక ప్రాచీన జీవి శిలాజం దొరికితే, దానికి శాస్త్రజ్ఞులు 'ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రఫికా' అని నామకరణం చేశారు. పక్షి పేరులోకి కూడా అచ్చుపని ఎక్కిందన్నమాట. మన తాండూరు బండ కూడా సున్నపురాయే. భీమానదీ లోయలో ఇటు తాండూరునుంచి అటు కర్ణాటకలోని షాబాదు దాకా పరుచుకున్న పొరలు అవి. మన ప్రాంతంలో షాబాదు బండ అన్నా, తాండూరు బండ అన్నా, నాపరాయి అన్నా కాస్త అటూ ఇటూగా ఒక కుటుంబమే. కర్నూలు సీమ నాపరాయిని అచ్చుకు పనికివచ్చే రాళ్ళలో ఒకటిగా 19వ శతాబ్దపు గ్రంథాలు పేర్కొన్నాయి. అయితే అచ్చురాయి రెండు మూడు అంగుళాల మందాన, ఎక్కడా చార, పగులు లేకుండా, వెన్నలాగా ఒకే తీరున వుండాలి. మన బండ పలకలు పలకలుగా విడివడుతుంది. నేలమీద పరవడానికి ఏ గుణం వరమైందో, యంత్రం కింద పెట్టడానికి అదే శాపమైంది.

ఈ సంగతులన్నీ ఒకరోజు వికారాబాదులో మా క్లాసులో చెప్పాను. పాఠం ప్రబంధకవుల గురించే సుమండీ. వర్ణన అంటే ఏమిటో చెప్పబోయి చిత్రాలలోకి, చిత్రాలనుంచి అచ్చులోకి వెళ్ళిపోయాను. తాండూరునుంచి రోజూ రైలులో వచ్చే కుర్రవాడొకడు మర్నాడు పాలిషు కార్ఖానాలో మిగిలిన బండముక్క ఒకటి సంచీలో వేసుకుని వచ్చాడు. "చేసి చూద్దాం సార్" అన్నాడు.

మా వరండాలో ప్రయోగం పెట్టాం. సన్నటి ఇసుక, నీళ్ళు వేసి, ఇంకో బండముక్కతో గంటసేపు రుద్ది పాలిషు పోగొట్టాం. కొవ్వొత్తి మైనం, బట్టల సబ్బు, దీపపు మసి కలిపి కరిగించి బలపంలాగా చేశాం. కుర్రవాడు దానితో బండమీద "తాండూరు" అని ముత్యాలకోవలాగా రాశాడు. తుమ్మబంకలో నిమ్మరసం పిండి పూసి, రాత్రంతా వుంచాం. మర్నాడు టర్పెంటైనుతో తుడిచి, తడిగుడ్డ అద్ది, ఊళ్ళో ప్రెస్సునుంచి తెచ్చిన సిరాను రోలరుతో పూశాం. మొదటి కాగితం నల్లగా అలుక్కుపోయింది. రెండోది దాదాపు అంతే. మూడోదానిమీద, మసకగానే గాని, అక్షరాలు పడ్డాయి. అన్నీ తలకిందులు కాదు, కుడియెడమలు! "తాండూరు" అద్దంలో చూసినట్టు వచ్చింది. పిల్లవాడి మొహం చిన్నబోయింది.

అప్పుడు వాడికి నిజాం కాలంనాటి సంగతి చెప్పాను. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యపు రాజభాష ఉర్దూ. ఉర్దూ లిపిని సీసపు అక్షరాలతో పేర్చడం కష్టం. నస్తాలీఖు రాతలో అక్షరాలు ఒకదాని భుజంమీద ఒకటి వాలుతూ జారుతూ వుంటాయి. అందుకని ఉర్దూ పుస్తకాలకు, పత్రికలకు రాతి అచ్చే దిక్కయింది. 'కాతిబు' అనే లేఖకుడు పూత పూసిన కాగితంమీద జిడ్డుసిరాతో మామూలుగానే రాసేవాడు. ఆ కాగితాన్ని రాతిమీద బోర్లించి ఒత్తితే రాత తిరగబడి రాతికి ఎక్కేది. అందులో తప్పులు దొర్లితే దిద్దడానికి మరో మనిషి వుండేవాడు. అతన్ని 'సంగ్‌సాజ్' అనేవారు. సంగ్ అంటే రాయి. అతగాడు రాతిమీద, సన్నటి కుంచెతో, తిరగేసిన అక్షరాలు రాయాలి. జీవితమంతా అద్దంలో బతికినట్టే. కాతిబు పేరు పుస్తకం చివర అప్పుడప్పుడు కనబడుతుంది. సంగ్‌సాజ్ పేరు నేను ఎక్కడా చూడలేదు.

ఇది విన్న కుర్రవాడు కాస్సేపు ఊరుకుని, "సార్, మా ఇంట్ల అటకమీద ట్రంకుపెట్టె నిండ ఇసువంటియే ఉన్నయి. పాత పటాలు, ఉర్దూ కాయితాలు. ఐతారం పాతసామాన్లాయన వస్తుండు. నాయిన అన్నీ ఇచ్చేస్తనన్నడు" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం. శనివారం పొద్దున్నే ఇద్దరం తాండూరు రైలెక్కాం.

ఈ రైలుమార్గానికి కూడా మన కథలో పాలు వుంది. వాడినుంచి సికింద్రాబాదు దాకా ఈ లైను 1874లో పడింది. అంతకుముందు ఎడ్లబండిమీద రావలసిన సరుకు, బొంబాయినుంచి నేరుగా మన స్టేషన్లలో దిగడం మొదలుపెట్టింది. లాంతర్లు, గాజు సామాను, సబ్బులు, వాటితోపాటు రంగుల దేవుడి పటాలు. అటు ఫోటోగ్రాఫర్లు వాడే గాజు పలకలూ మందులూ కూడా విదేశాలనుంచి ఓడల్లో దిగి రైళ్ళలో రావలసిందే.

వాళ్ళ ఇల్లు పాతకాలపు మండువా ఇల్లు. పడగొట్టి స్లాబు వేయబోతున్నారు. తండ్రి మర్యాదస్థుడు. చాయ్ ఇప్పించి, "పాత కాయితాలు సారూ. ఏం జేసుకుంటం? ఫ్రేములు టేకువట, వాటికి పైసలిస్తడట. లోపలి కాయితాలు ఊకెనే తీసుకపోతడట" అన్నాడు. పక్కన మంచంమీద ఎనభై దాటిన అవ్వ, ఆయన తల్లి, విసనకర్ర పట్టుకుని మా వంక చూస్తూ కూర్చున్నది.

పెట్టె దింపారు. మీలో చాలామంది అటకలమీద కూడా ఇటువంటి పెట్టె ఒకటి వుండే వుంటుంది. కాబట్టి ఏది ఏమిటో ఎట్లా పోల్చుకోవాలో కాస్త వివరంగా చెబుతాను. దీనికి కావలసింది ఒక మంచి భూతద్దం, కిటికీ దగ్గర పగటి వెలుతురు, చేతులు కడుక్కుని తుడుచుకునే ఓపిక.

మొదట పైకి వచ్చినవి రెండు రంగుల పటాలు. ఒకటి లక్ష్మి, ఒకటి సరస్వతి. లక్ష్మి నవనవలాడుతున్నది. సరస్వతి మసకబారి, అంచుల దగ్గర పసుపెక్కి వుంది. పైగా చీరకు ఎవరో ఓపికగా నిజమైన గుడ్డముక్కలు అంటించి, జరీ, తళుకులు కుట్టారు. తండ్రి లక్ష్మిని చూపించి, "గిది రవివర్మది సారూ. గిదొక్కటి ఉంచుకుంటం" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. లక్ష్మి మొహమంతా సన్నటి చుక్కలు, నాలుగు రంగుల్లో, చిన్నచిన్న పూలరేకుల్లాగా, ముగ్గు చుక్కలంత లెక్కగా పేర్చివున్నాయి. అది ఆఫ్‌సెట్ అచ్చు. ఏ పాత బొమ్మనో ఫోటో తీసి, యంత్రంమీద వేలకొద్దీ వేసిన క్యాలెండరు కాగితం. సరస్వతి మొహంలోనూ చుక్కలే గాని, వాటికి లెక్కలేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, బుగ్గమీద దట్టంగా, గడ్డం కింద పలచగా. ఒక మనిషి చేత్తో, రాతిమీద, ఒక్కొక్కటే పెట్టిన చుక్కలు అవి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. మంచి బొమ్మకు పదికి పైగా రాళ్ళు పట్టేవి. అన్నిసార్లూ కాగితం వెంట్రుకవాసి కదలకుండా పడాలి. కదిలితే కంటి పక్కన ఇంకో కన్ను కనిపిస్తుంది. కింద అంచున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, కార్లా – లోణావళా అని వున్నాయి.

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టాడు. యంత్రాలు, నిపుణులు జర్మనీనుంచి వచ్చారు. ప్లేగు, ఖర్చు రెండూ తరమగా అది లోణావళా దగ్గర కార్లా గుహల పక్కనున్న మళవలి గ్రామానికి తరలింది. అప్పులు పెరిగి, కొన్నేళ్ళకే దాన్ని అక్కడ పనిచేసే జర్మను నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేయవలసి వచ్చింది. రవివర్మ 1906లో పోయిన తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆ పేరుతో బొమ్మలు వస్తూనే వున్నాయి. 1972లో అగ్నిప్రమాదం జరిగి ఆ కర్మాగారం కాలిపోయింది. కనుక కాగితంమీద 'రవివర్మ' అని వున్నంత మాత్రాన ఆయన చేతిమీద నడిచిందనుకోరాదు. అంచు కత్తిరించి ఫ్రేములో ఇరికిస్తే ఆ కింది అక్షరాలు పోతాయి, వాటితోపాటు బొమ్మ పుట్టుపూర్వోత్తరాలూ పోతాయి. మన పటాల దుకాణాల్లో ఈ కత్తిరింపు ఎంత జరిగిందో చెప్పలేను. ఇక ఆ జరీ, తళుకులు. కొందరు సేకర్తలు అవి పీకేసి 'శుభ్రం' చేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటి ఆడపడుచు ఎవరో పగలంతా పనిచేసి, రాత్రి దీపం దగ్గర దేవికి చీర కట్టింది. రాతిమీద చుక్కలు పెట్టినవాడి పనితనానికి ఆమె పనితనం ఏం తీసిపోయింది?

తర్వాత ఉర్దూ కాగితాలు. రెండు బడిపుస్తకాలు, ఒక పెళ్ళి పత్రిక. అన్నీ రాతి అచ్చే. కుర్రవాడు వాటిని పట్టుకుని చాలాసేపు చూశాడు. వాటికింద మడతలు పడ్డ ముదురు నీలం కాగితంమీద తెల్లగీతలతో ఏదో కట్టడపు నక్షా. తాతగారు రైల్వేలో పనిచేశాడట. ఈ నీలి నక్షాలు కూడా ఒక రకం ఫోటోలే. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పద్ధతి. ఇనుప లవణాలు పూసిన కాగితంమీద నక్షా పరిచి ఎండలో పెట్టి, ఉత్త నీళ్ళలో కడిగితే, ఎండ తగిలినచోటు నీలం తేలుతుంది, గీత నీడపడ్డచోటు తెల్లగా మిగులుతుంది. దీని స్వభావం చిత్రమైనది. వెలుతురులో వెలిసిపోయిన నీలం, చీకట్లో కొన్నాళ్ళు వుంచితే చాలావరకు తిరిగి వస్తుంది. కాని సబ్బు, సోడా తగిలిందా, పాలిపోయి గోధుమరంగు మరక అవుతుంది. శుభ్రం చేద్దామని సబ్బునీళ్ళ గుడ్డతో బయలుదేరే ఇల్లాళ్ళు దీన్ని మాత్రం వదిలిపెట్టాలి.

పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఒక ఫోటో వుంది. మందపాటి అట్టకు అంటించిన పల్చటి కాగితం. ఒక స్త్రీ కుర్చీ వీపుమీద చెయ్యి వేసి నిలబడి వుంది. మెడలో బరువైన కంటె. అట్ట కింది భాగం చెదలు తినగా స్టూడియో పేరు పోయి, 'సికింద్రాబాదు' అనే మాట మిగిలింది. బొమ్మంతా ఊదా కలిసిన గోధుమరంగు. తెల్లగా వుండవలసిన చోట లేత పసుపు. "గిది ఖరాబయింది సారూ, పోనియ్యి" అన్నాడు తండ్రి.

భూతద్దం పెడితే బొమ్మలోంచే కాగితపు పీచులు కనిపించాయి. పైన సన్నటి మెరుపు, ఆ మెరుపులో వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఇక సందేహం లేదు, అది గుడ్డుసొన కాగితం. 1850లో ఫ్రాన్సు దేశస్థుడు బ్లాంకార్ ఎవ్రార్ ప్రకటించిన పద్ధతి. కోడిగుడ్ల తెల్లసొనలో ఉప్పు కలిపి, గిలకొట్టి, నిలవబెట్టి, కాగితానికి పూస్తారు. ఆరిన తర్వాత వెండి లవణపు ద్రావకంలో తేలుస్తారు. దానిపై గాజు నెగటివు వేసి ఎండలో పెడితే మెల్లగా బొమ్మ తేలుతుంది. పలచని బంగారు ద్రావకంలో ముంచి రంగు నిలబెట్టి, హైపోలో వేసి, కడుగుతారు. గుడ్డుసొన, వెండి, బంగారం, సూర్యుడు – నలుగురూ కలిస్తే ఒక ఫోటో. జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణపు కార్ఖానాలు ఈ కాగితం కోసం ఏటా లక్షలకొద్దీ గుడ్లు పగలగొట్టేవి. శాకాహారుల పూజగదుల్లో వేలాడే ముత్తాతల ఫోటోలలో ఎన్ని కోళ్ళ సాయం వుందో ఆలోచిస్తే నవ్వు వస్తుంది. 1900 దాటాక ఈ కాగితం మరుగునపడింది. తర్వాత వచ్చిన జెలటిన్ ఫోటోల్లో కాగితానికీ బొమ్మకూ మధ్య తెల్లటి పూత వుండి, పీచులు కనపడవు. నలుపు తెలుపులు స్పష్టంగా వుంటాయి. పాతబడితే ఓరగా చూసినప్పుడు అంచుల్లో నల్లటిచోట వెండి అద్దంలా మెరుస్తుంది. ఈ తేడా తెలిస్తే ఫోటో ఏ కాలానిదో సగం తెలిసినట్టే.

సికింద్రాబాదు అనగానే మీకు లాలా దీన్‌దయాళ్ గుర్తురావడం సహజం. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోల్లో పడ్డాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి 'రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్' అనిపించుకున్నాడు. వికారాబాదుకు తన పేరిచ్చిన పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా సౌధాన్ని ఫోటోలు తీసినవాడు ఆయనే. 1892లో ఆయన హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు మహిళను నియమించాడు. మగకంటికి కనిపించని ఆడవాళ్ళు తమ మొహం తాము కాగితంమీద చూసుకున్నారు. ఆయన 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి.

అయితే ఒకమాట. హైదరాబాదు పాతవస్తువుల అంగళ్ళలో గోధుమరంగు ఫోటో ప్రతిదీ దీన్‌దయాళ్‌దే. గడ్డమున్న ప్రతి నవాబూ ఆయన కెమెరా ముందు కూర్చున్నవాడే. అట్టమీద పేరు చూడందే నమ్మకండి. ఇంకుజెట్ ప్రతికి టీ నీళ్ళ రంగు పట్టించి 'పాత ఫోటో' అని అమ్మేవాళ్ళూ వున్నారు. అక్కడా భూతద్దమే దిక్కు. అసలు గుడ్డుసొన బొమ్మలో చుక్కలే వుండవు, రంగు మేఘంలాగా కలిసిపోతుంది. కొత్త ప్రతిలో రంగుల రవ్వలు చల్లినట్టు కనిపిస్తాయి. నేను మాత్రం తండ్రితో ఆ ఫోటో ఫలానా వారిదని చెప్పలేదు. 1900కు అటూ ఇటూ కాలంనాటి గుడ్డుసొన ఫోటో అని మాత్రం చెప్పాను.

ఇంకొక్కటి మిగిలింది. గాజుతో పటం కట్టిన అవ్వ పెళ్ళి ఫోటో. వానలకు తడి ఎక్కి ఫోటో గాజుకు అతుక్కుపోయింది. కుర్రవాడు ఫ్రేము విప్పి, కాగితం మూల పట్టుకుని లాగబోయాడు. నేను దాదాపు అరిచినంత పని చేసి వాడి చెయ్యి పట్టుకున్నాను.

ఎందుకంటే నేను లాగి చూసినవాణ్ణి. మా నాయనమ్మకు జీవితంలో ఒకటే ఫోటో. ఇరవై ఏళ్ళ క్రితం కొత్త ఫ్రేము కట్టిద్దామని ఆ పటం విప్పాను. కాగితం గాజుకు అంటుకుని వుంది. తడిగుడ్డ అద్ది, మెల్లగానే లాగాను. కాగితం వచ్చింది. నాయనమ్మ చీర వచ్చింది, చేతులు వచ్చాయి. మొహం గాజుమీద వుండిపోయింది. గాజుమీది తడిపొరను అట్లాగే ఆరనిచ్చినా కాస్త దక్కేదేమో. గాభరాలో వేలితో తుడిచాను. ఆమె మొహం ఇప్పుడు నాకు జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. ఆ జ్ఞాపకం కూడా ఏటికేడు పలచబడుతున్నది. ఈ భూతద్దం, ఈ పాత అచ్చుల పిచ్చి అప్పటినుంచి పట్టుకున్నవే.

అతుక్కున్న ఫోటోను లాగకూడదు. గాజుతోనే వుంచి, గాజులోంచే మంచి కెమెరాతో ప్రతి తీయించాలి. ఆ ప్రతిని గోడకు తగిలించి, అసలును చీకట్లో, పొడిగా, పడుకోబెట్టి దాచాలి. కొత్తగా పటం కట్టించేటప్పుడు గాజుకూ ఫోటోకూ మధ్య సందు వుండేటట్టు చుట్టూ అట్ట చట్రం వేయించాలి. ల్యామినేషను మాట ఎత్తకూడదు. వేడికి కరిగిన ప్లాస్టిక్కు ఒకసారి పట్టిందంటే దాన్ని ఊడదీసే విద్య మన దగ్గర లేదు. చిరుగులకు జిగురు టేపు వేస్తే కొన్నేళ్ళకు అది గోధుమరంగు చారలై కాగితంలోకి దిగుతుంది. పేరు, సంవత్సరం వెనకవైపు అంచున మెత్తటి పెన్సిలుతోనే రాయాలి. బాల్‌పెన్ను అదిమితే ముందు మొహంమీద గాటు తేలుతుంది.

మాటల్లోనే పాతసామాన్లాయన ఒకరోజు ముందుగానే వచ్చి కూర్చున్నాడు. ఫ్రేములు తట్టి చూసి, లక్ష్మి పటానికే ఎక్కువ ధర చెప్పాడు. చెక్క మందంగా వుందట. ఎట్లాగూ అది రవివర్మ కాదని నేను చెప్పాను గనుక తండ్రి ఇచ్చేయడానికి సిద్ధపడ్డాడు.

అప్పటిదాకా మాట్లాడని అవ్వ విసనకర్ర కింద పెట్టింది.

"లచ్చిమిని అమ్ముతవారా? నువ్వు పుట్టినకెల్లి దీపం వెడుతున్న. ఆ చుక్కలు, గిక్కలు నాకెందుకు?"

గాజుమీద ఎన్నేళ్ళ పసుపుకుంకుమలో పొరలు కట్టి వున్నాయి. సేకర్తల లెక్కలో ఆ కాగితానికి విలువ లేదన్న మాట నిజమే. కాని ఆ గదిలో ఆ లెక్క చెల్లలేదు. నా భూతద్దం అక్కరకు రాలేదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు. పాతసామాన్లాయన ఇత్తడి బిందెలు రెండు తూచుకుని వెళ్ళిపోయాడు. ట్రంకుపెట్టె జోలికి రాలేదు.

నేను గోధుమరంగు ఫోటోను మళ్ళీ గుడ్డలో చుట్టబోతూంటే అవ్వ, "ఇట్ల తే బిడ్డా, ఆ అద్దం గూడ" అన్నది. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. ఆమె అద్దాన్ని ముందు మరీ దగ్గర, తర్వాత మరీ దూరం పెట్టి, కుదుర్చుకుని, చాలాసేపు చూసింది. మొహం కాదు, మెడ చూసింది.

"గీ కంటె నా పెండ్లికి నాకు వెట్టిన్రు. మా అత్తకు వాళ్ళమ్మ వెట్టింది. ఈమె మా అత్త తల్లి. సికిందరాబాదు పోయి పోటువ దిగిందని మా అత్త జెప్పేది, నేను నమ్మకపోయేది."

"కంటె ఇప్పుడు ఎక్కడున్నది అవ్వా?" అని మనవడు అడిగాడు.

"నీ తండ్రి సదువుకు కరిగిచ్చినం" అన్నది ఆమె, అద్దంలోంచి కన్ను తీయకుండానే.

తండ్రి తల వంచుకుని లోపలికి వెళ్ళి, పెన్సిలు తెచ్చాడు. అట్ట వెనక అంచున అవ్వ చెబుతూంటే కుర్రవాడు ఆమె పేరు, ఊరు రాశాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది వాళ్ళ ఇంటిది. సాయంత్రం రైలుకు నేను బయలుదేరేటప్పుడు కూడా అవ్వ భూతద్దం ఇవ్వలేదు. సోమవారం కాలేజీకి వచ్చేటప్పుడు మనవడు పట్టుకొచ్చాడు.